వెనక వచ్చేదీ బండే

ఈసారి ఒక చక్రం గురించి రాస్తున్నాం. పడవ లేని ఇంటికీ ఇందులో పనికొచ్చే మాట ఉంది కాబట్టి ఓపికగా చదవండి.

వేట విరామం రోజుల్లో మన తీరానికి వచ్చినవాళ్ళు ఒక వింత చూస్తారు. నీళ్ళలో ఉండాల్సిన పడవలు రోడ్ల మీద కనిపిస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజన్ పడవలకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం, దాన్ని దాని పని చేసుకోనివ్వాలి. మన వాళ్ళకి కూడా పడవ బాగుచేసుకోవడానికి దొరికేవి ఆ రోజులే. చిన్న చిన్న పగుళ్ళయితే ఒడ్డునే ఫైబరు గుడ్డ వేసి, జిగురు పూసి అతికేసుకుంటారు. అడుగు మొత్తం పోతే మాత్రం కాకినాడ దాకా తీసుకెళ్ళక తప్పదు.

పడవ మొదటిసారి నీళ్ళలో దిగేటప్పుడు మమ్మల్ని పిలుస్తారు. చిన్న పిల్లల్ని కూడా తీసుకొచ్చి ప్రార్థనలో నిలబెడతారు. వేటకి వెళ్ళే ముందు గాలి ఎలా ఉందో, అల ఎంత ఎత్తున ఉందో ఫోనులో చూసుకుంటారు. ఒంటి మీద లైఫ్ జాకెట్టు, చేతిలో జీపీఎస్ పెట్టె, అన్నీ ఉంటాయి. అదే పడవ రోడ్డెక్కినప్పుడు ఎవరూ ఎవర్నీ పిలవరు. నేల మీద ప్రయాణం కదా, మునిగేదేముందిలే అనుకుంటారు. కానీ సముద్రం మీద పడవని ఆదుకోవడానికి పక్క పడవలు ఉంటాయి. అర్ధరాత్రి హైవే మీద దాని పక్కన ఉండేవి లారీలే.

మన వైపు పడవని రోడ్డు మీద తీసుకెళ్ళే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. తెలియని పట్నం పిల్లల కోసం చెబుతున్నాం. ఇనప చానల్స్ వెల్డింగు చేసి, మధ్యలో పడవ అడుగు కూర్చునేలా ఒంపు పెట్టి, ఒక ఇరుసు, రెండు చక్రాలు బిగిస్తారు. దాన్నే మన వాళ్ళు పడవ బండి అంటారు. ముందు ట్రాక్టరు, వెనక పడవ బండి, దాని మీద తొమ్మిది మీటర్ల ఫైబరు పడవ. ఒడ్డు నుంచి నీళ్ళ దాకా, నీళ్ళ నుంచి ఒడ్డుకి ఏడాదంతా అది తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువ పడవలున్న ఊళ్ళో ఒకటో రెండో పడవ బళ్ళుంటాయి. అందరూ అద్దెకి తీసుకుంటారు.

ఈ ఏడు మన సంఘంలోని నాలుగు కుటుంబాల పాళ్ళ పడవ ఒకటి అడుగు మార్పించుకోవడానికి కాకినాడ వెళ్ళింది. పని ఆలస్యమైంది. జూన్ 12 సాయంత్రానికి గానీ పడవ చేతికి రాలేదు. 14 అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది. 15 తెల్లవారుజామున తీరంలో ఉన్న ప్రతి పడవా దిగుతుంది. రెండు నెలలు వేట లేని ఇళ్ళు, అప్పిచ్చిన షావుకారు, బడి తెరిచే రోజులు, అన్నీ ఆ మొదటి వేట కోసం కాచుకుని ఉంటాయి. ఆ నాలుగు కుటుంబాల్లో కలిపి పద్దెనిమిది మంది తినేవాళ్ళు. ఆ పడవ 15న నీళ్ళలో ఉండాలి.

దగ్గరి దారి బీచ్ రోడ్డు. కానీ ఉప్పాడ దగ్గర అలలు ఆ రోడ్డుని ఎన్నిసార్లు కోసేశాయో మీకు తెలుసు. ఆ వారం కూడా పెద్ద బళ్ళు పోయేలా లేదు. అందుకని పిఠాపురం మీదుగా కత్తిపూడి, అక్కడ పెద్ద హైవే ఎక్కి అన్నవరం వైపు, తర్వాత తీరానికి మలుపు. చుట్టు దారే అయినా రోడ్డు బాగుంటుందని ట్రాక్టరు తమ్ముడు అటే బయలుదేరాడు. మేమిద్దరం, సంఘ పెద్దలు ఇద్దరు, కాకినాడ ఆసుపత్రిలో మన అత్తమ్మ ఒకావిడను చూసి ఆటోలో తిరిగి వస్తూ పిఠాపురం దాటాక వాళ్ళని కలుసుకున్నాం. అక్కడి నుంచి ఆటో వాళ్ళ వెనకే నడిచింది.

కత్తిపూడి దాటి హైవే ఎక్కాం. అన్నవరం ఇంకా రాలేదు. చీకటి పడుతోంది. ముందు ఒక వాసన వచ్చింది. రబ్బరు కాలిన వాసన కాదు, మాడిన నూనె వాసన. తర్వాత ఎడమ చక్రం వైపు నుంచి ఇనుముని ఇనుము కొరుకుతున్న చప్పుడు. ట్రాక్టరు తమ్ముడు వేగం తగ్గించి పక్కకి తీసేలోపే ఆ చక్రం లోపలికి వాలిపోయింది. పడవ ఎడమ పక్కకి ఒరిగింది. కట్టిన మోకులు బిగుసుకుని వీణ తీగల్లా లాగాయి గానీ తెగలేదు. పడవ కింద పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం.

అయితే ఆగిన చోటు మంచిది కాదు. ట్రాక్టరు తెల్లగీత లోపలికి వెళ్ళింది గానీ, పడవ తోక సగం దాకా రోడ్డు మీదే ఉంది. బండికి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు. అటుగా పోతున్నవాళ్ళు ఆగి, మన ఊళ్ళలో ఎప్పుడూ చేసే పనే చేశారు. చెట్టు కొమ్మ విరిచి రోడ్డు మీద వేశారు, నాలుగు రాళ్ళు వరసగా పెట్టారు. పది నిమిషాలు కాలేదు. పాల క్యాన్లు కట్టుకుని ఒక అబ్బాయి మోటార్‌సైకిలు మీద వచ్చాడు. ఎదురు లైట్లలో అతనికి పడవ కనబడలేదు. ఆఖరి క్షణంలో బ్రేకు వేశాడు, రాళ్ళ మీద బండి జారింది. పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. మోకాళ్ళు గీసుకుపోయాయి గానీ లేచి నిలబడ్డాడు. మమ్మల్ని తిట్టలేదు. పడవ కేసి చూసి, "దీనికి లైటు లేదా బాబూ?" అని మాత్రం అడిగాడు.

ఆ మాట మాతోనే ఉంది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ మాట కోసమే.

ట్రాక్టరు తమ్ముడు బీమా కాగితంతో పాటు దారిలో సాయం అని కొంత సొమ్ము ఎక్కువ కట్టి ఉన్నాడు. బండి దారిలో ఆగిపోతే వాళ్ళే మనిషిని పంపుతారు, కదలకపోతే షెడ్డుకి చేరుస్తారు అని దాని అర్థం. ఆ నంబరుకి ఫోను చేశాడు. అవతల ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మీ ట్రాక్టరుకి ఏమైంది సార్?"

"ట్రాక్టరుకి ఏమీ కాలేదమ్మా. వెనక బండి చక్రం పోయింది."

"ట్రైలరు నంబరు చెప్పండి సార్."

దానికి నంబరు లేదు. అది అద్దె బండి, వెల్డింగు షాపులో పుట్టింది, ఒడ్డున పెరిగింది. అమ్మాయి కాసేపు ఆగి, పాలసీలో ట్రాక్టరు ఒక్కటే ఉందని, ట్రాక్టరు చెడితే సాయం వస్తుందని, వెనక తగిలించినదానికి గానీ దాని మీద ఉన్న సరుకుకి గానీ అది వర్తించదని చెప్పింది. తమ్ముడు ఫోను జేబులో పెట్టుకుని మా వైపు తిరిగి, "అయ్యగారూ, బాగున్నదానికి సాయం ఉందంట. చెడిపోయినదానికి లేదంట" అన్నాడు. అంత కంగారులోనూ అందరికీ నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మీద మాకు కోపం లేదు. కాగితంలో ఉన్నదే ఆమె చదివింది.

పెద్దల్లో ఒకరు 1033కి చేశారు. జాతీయ రహదారుల మీద ఏ ఆపద వచ్చినా పిలవాల్సిన నంబరు అది. మీ ఫోనులో ఇప్పుడే దాచుకోండి. కొంతసేపటికి గస్తీ బండి వచ్చింది. వెనక దూరంగా కోన్లు పెట్టారు, మెరిసే లైటు పెట్టారు. వాళ్ళలో ఒక పెద్దాయన మొట్టమొదట చేయించిన పని ఆ రాళ్ళూ కొమ్మలూ తీయించడం. బండి వెళ్ళిపోయాక కూడా రాళ్ళు అక్కడే ఉండిపోతాయని, తెల్లవారేలోపు ఇంకెవరో వాటి మీద పడతారని చెప్పాడు. తర్వాత క్రేను వచ్చింది. ఎడమ పక్క ఎత్తి పట్టుకుంటే, అంగుళం అంగుళం జరుపుతూ పడవని పక్కనున్న సర్వీసు రోడ్డు మీద పెట్టారు. వాళ్ళ పని అక్కడితో అయిపోయింది. దారికి అడ్డం తీయడం వాళ్ళ బాధ్యత, పడవని ఇంటికి చేర్చడం కాదు. ఆ తేడా కూడా తెలిసి ఉండడం మంచిది.

రాత్రి తొమ్మిదింటికి ఊరికి ఫోను వెళ్ళింది. పదకొండు కాకముందే రెండు ఆటోల్లో, ఒక వ్యానులో ఇరవై రెండు మంది దిగారు. మోకులు, గెడలు, పాత టైర్లు, గడ్డి నింపిన గోతాలు తెచ్చారు. పాళ్ళవాళ్ళు నలుగురే. మిగిలినవాళ్ళు అదే 15వ తేదీన ఆ పడవతో పోటీగా వల వేయబోయేవాళ్ళు. ట్రాక్టరు తమ్ముడి బావమరిది గడ్డి తోలే చదునైన ట్రైలరు తెచ్చాడు. రెండు బళ్ళూ తోకకి తోక ఆనించారు. కింద టైర్లు, పైన గోతాలు. అటు పది మంది, ఇటు పది మంది, హైలెస్సా అంటూ టన్నుకి పైగా ఉన్న పడవని ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి జరిపేశారు. కొత్తగా వేసిన అడుగుకి గీత పడలేదు. తెల్లవారుజామున మూడింటికి పడవ ఊరు చేరింది. 15న అందరితో పాటు దిగింది.

లూకా సువార్త 5వ అధ్యాయంలో పేతురు వల పిగిలిపోయే స్థితి వచ్చినప్పుడు రెండో పడవలో ఉన్న పాలివాళ్ళని సైగ చేసి పిలిచిన సంగతి మీకు తెలిసిందే. ఆ రాత్రి మేము దాన్ని హైవే పక్కన కళ్ళారా చూశాం. పోటీదారుడి పడవ మోయడానికి నిద్ర మానుకుని వచ్చిన ఊరు మనది. అందుకు మాకెంతో గర్వంగా ఉంది.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే ఇది మంచి సాక్ష్యం అవుతుంది. కానీ పూర్తి సంగతి కాదు. ఆ ఇరవై రెండు మంది కూడా చీకట్లో, లారీలు పోయే రోడ్డుకి పక్కనే నాలుగు గంటలు నిలబడ్డారు. ఆ పాలబ్బాయి పడ్డది వాళ్ళెవరూ రాకముందే. ప్రేమ ఎంత వేగంగా పరిగెత్తినా, ప్రమాదం జరిగిన తర్వాతే వస్తుంది. ముందు రావలసింది జాగ్రత్త. అది కూడా ప్రేమే, కాకపోతే దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆ చక్రం ఎందుకు పోయిందో మర్నాడు అన్నవరం దగ్గర షెడ్డు మేస్త్రీ విప్పి చూపించారు. ఇది పడవ బండి ఉన్న ప్రతివాళ్ళూ వినాలి. చక్రం మధ్యలో హబ్బు ఉంటుంది. దానిలో రెండు బేరింగులు, చుట్టూ గ్రీజు, వెనక రబ్బరు సీలు. బండి తిరుగుతుంటే హబ్బు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీదే సముద్రంలో దించితే చల్లటి నీళ్ళు తగిలి ఆ గాలి ఒక్కసారి కుంచించుకుపోతుంది. అప్పుడు సీలు సందుల్లోంచి ఉప్పునీళ్ళు లోపలికి లాక్కుంటుంది. గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది, దాని పట్టు పోతుంది. ఉప్పు బేరింగు మీద కూర్చుని తుప్పుతో గుంటలు తవ్వుతుంది.

ఒడ్డున తిరిగినన్నాళ్ళూ ఇది బయటపడదు. అక్కడ బండి పోయేది వంద గజాలు, మనిషి నడక వేగంతో. హబ్బు గట్టిగా వేడెక్కే లోపే పని అయిపోతుంది. అదే బండిని ఎండాకాలంలో, నిండు బరువుతో, యాభై కిలోమీటర్లు తారు రోడ్డు మీద లాగితే దాని లోపలి సంగతి బయటికొస్తుంది. గుంటలు పడ్డ బేరింగు రాపిడికి ఎర్రగా కాలి, ముక్కలై, ఇరుసు కొసని కూడా తినేస్తుంది. మేస్త్రీ ఆ ముక్కలు చేతిలో పోసినప్పుడు అవి శనగపప్పు బద్దల్లా ఉన్నాయి. నలుగురి జీవనం, పద్దెనిమిది మంది అన్నం ఆ గుప్పెడు బద్దల మీద కూర్చుని ప్రయాణం చేసింది.

ఇక కాగితాల సంగతి. వెనక తగిలించినదానికి ఇంజను లేదు కాబట్టి అది బండి కాదు అని మన వైపు చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే ట్రైలరు కూడా ఉంది. దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, విడిగా నంబరు కావాలి. ఆ నంబరు పక్కన కనబడాలి, దాన్ని లాగే బండి నంబరు కూడా దాని మీద ఉండాలి. రోడ్డు మీద తిరిగితే బీమా కూడా కావాలి. ముందున్న ట్రాక్టరు కాగితం వెనకదానికి దుప్పటిలా కప్పుకోదు.

ఇదంతా పోలీసులకి భయపడి చెప్పడం లేదు. ఆ పాలబ్బాయి కోసం చెబుతున్నాం. రోడ్డు మీద ఒకరి ప్రాణం పోతే, ఒంటికి తీరని దెబ్బ తగిలితే, నష్టపరిహారం ట్రిబ్యునలు నిర్ణయిస్తుంది. సరైన బీమా ఉంటే ఆ సొమ్ము కంపెనీ కడుతుంది. ప్రాణనష్టానికీ గాయాలకీ బీమాలో ఇంత మాత్రమే అనే గరిష్ఠ పరిమితి కూడా లేదు. బీమా లేకపోతే బండి యజమాని కట్టాలి. మన ఊళ్ళో పడవ బండి యజమానికి ఉన్నదేమిటి? ఒక పెంకుటిల్లు, ఆ బండి. అటు ఆ అబ్బాయి ఇంటికీ న్యాయం జరగదు, ఇటు ఈయన ఇల్లూ నిలవదు. ఒక్క కాగితం లేనందుకు రెండు ఇళ్ళు కూలతాయి.

అందుకే బీమా కట్టేటప్పుడు నోరు తెరిచి అడగండి. వెనక తగిలించిన ట్రైలరు ఈ పాలసీలో ఉందా, దాని నంబరు ఇందులో రాశారా? దారిలో ఆగిపోతే సాయం ముందు బండికేనా, వెనకదానికి కూడానా? ఎంత దూరం వరకు చేరుస్తారు, ఇంటి దాకానా, దగ్గరి షెడ్డు దాకానా? చక్రం మార్చడం వరకేనా, ఎత్తి తీసుకెళ్ళడం కూడా ఉందా? బండి మీద ఉన్న పడవకి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? మామూలుగా మోటారు బీమా మీద ఉన్న సరుకుని చూడదు, దానికి వేరే పాలసీ ఉంటుంది. వ్యవసాయానికని రాయించిన ట్రాక్టరుతో అద్దెకి పడవ లాగితే చెల్లుతుందా? ఆ ప్రశ్న కూడా ముందే అడగాలి. ఏజెంటు నోటిమాటగా అన్నీ ఉన్నాయండీ అంటే సరిపోదు, ఏ పేజీలో ఉందో చూపించమనండి. మన పిల్లల్లో ఇంగ్లీషు చదివినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేత చదివించుకోండి. బండి యజమానే నడిపితే ఆయనకి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, అది కట్టారో లేదో చూసుకోండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సభలకి, పెళ్ళిళ్ళకి, భూస్థాపన కార్యక్రమాలకి మన వాళ్ళు ట్రాక్టరు వెనక ట్రైలరులో కూర్చుని వెళ్తారు. ట్రాక్టరులో సీటు ఒక్కటే, అది డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చున్న కుర్రవాడికి, ట్రైలరులో కూర్చున్న అమ్మమ్మకి ఆ బీమా నీడ ఉండదు. ఇకపై మన సంఘం కార్యక్రమాలకి ఎవరూ ట్రైలరులో రావద్దు. ఆటో ఖర్చు ఇబ్బంది అయితే మాకు చెప్పండి, సంఘం చూసుకుంటుంది. ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, మీకోసం పాట ఇంకోసారి పాడుకుందాం.

ఆ అబ్బాయి పడ్డప్పుడు ఒకరిద్దరు దగ్గరికి వెళ్ళడానికి జంకారు, కేసు మన మీదికి వస్తుందేమోనని. ఆ భయం అవసరం లేదు. 2019లో చట్టానికి చేసిన సవరణలో 134ఏ అనే సెక్షను వచ్చింది. ప్రమాదంలో ఉన్నవాళ్ళకి ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళని అది కాపాడుతుంది. ఆ సాయం చేసే మనిషికి చట్టం పెట్టుకున్న పేరు మన ఆదివారపు బడి పిల్లలకి కూడా తెలుసు, మంచి సమరయుడు. పార్లమెంటే ఆ పేరు వాడుకున్నప్పుడు మనం వెనకాడడం ఏం బాగుంటుంది?

ప్రియులారా, మనిషి తన ముందున్నదాన్ని చూసుకుంటాడు. ట్రాక్టరుకి నూనె మారుస్తాడు, దండ వేస్తాడు, అద్దం తుడుస్తాడు. వెనక చప్పుడు లేకుండా వచ్చేదాన్ని చూడడు. ఇళ్ళల్లోనూ అంతే. సంపాదించేవాడి ఆరోగ్యం గురించి అందరూ అడుగుతారు. అతని వెనక నడిచే తల్లి మోకాళ్ళ గురించి, భార్య రక్తహీనత గురించి, చదువులో వెనకబడిన చిన్నోడి గురించి ఎవరు అడుగుతారు? వాళ్ళు చప్పుడు చేయరు. ఒడ్డున వంద గజాలు తిరిగినన్నాళ్ళూ బాగానే ఉన్నట్టు కనబడతారు. బరువు పడిన రోజున, దూరం పోవలసిన రోజున లోపల ఎంత తుప్పు పట్టిందో తెలుస్తుంది. వెనక వచ్చేదీ బండే. దానికి దాని చక్రాలు, దాని గ్రీజు, దాని కాగితం, దాని లైటు ఉండాలి.

ఇప్పుడు మనం చేస్తున్న పని చెబుతాం. మందిరం వరండాలో ఒక ఇనప పెట్టె పెట్టాం. అందులో గ్రీజు నింపి, బేరింగులు వేసి సిద్ధంగా ఉంచిన హబ్బు ఒకటి, జాకీ, చక్రం విప్పే పానా, రెండు చెక్క దిమ్మలు, ఎర్ర త్రికోణాలు రెండు, మెరిసే లైట్లు నాలుగు, ఎర్ర రేడియం స్టిక్కరు చుట్ట, గొలుసు ఉన్నాయి. ఏ మతంవాళ్ళయినా, ఏ పడవవాళ్ళయినా అడిగి తీసుకెళ్ళొచ్చు, తిరిగి తెచ్చి పెడితే చాలు. పడవ బండి యజమాని దాని రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతున్నారు. ఆ ఖర్చులో కొంత పడవలవాళ్ళంతా కలిసి వేసుకుంటున్నారు, ఎందుకంటే దాని మీద ఎక్కేది అందరి పడవలూ.

పెట్టె మూతకి లోపల ఒక కాగితం అతికించాం. అది ఇక్కడ కూడా రాస్తున్నాం. సముద్రంలో దించే ముందు హబ్బు చల్లారనివ్వండి. బయటికి తీశాక మంచినీళ్ళతో కడగండి. దూరం బయలుదేరే ముందు హబ్బు విప్పి, గ్రీజు తెల్లబడిందేమో చూసి, కొత్త గ్రీజు, కొత్త సీలు వేయించండి. ఎండకి పగుళ్ళు పడ్డ టైరుతో హైవే ఎక్కొద్దు. ఇంజనూ వలలూ పడవ తోకలో ఉంచితే బండి ముక్కు పైకి లేచి ఊగుతుంది, వాటిని విప్పి వేరే బండిలో వేయండి. పిన్నుకి తోడు గొలుసు కట్టండి. వెనక లైటు వెలుగుతోందో లేదో ఒకరు దిగి చూడండి. టీ కోసం ఆగిన ప్రతిసారీ ముందు హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి తట్టుకోలేక చెయ్యి వెనక్కి వస్తే అక్కడే ఆగిపోండి. ఆగాల్సి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆగండి, త్రికోణం దూరంగా పెట్టండి, మనుషులు బండికి దూరంగా నిలబడండి. రాళ్ళు పెట్టొద్దు. చీకటి పడ్డాక బయలుదేరొద్దు.

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం మేస్త్రీ మన మందిరం ఆవరణలోకి వచ్చి హబ్బు విప్పి బిగించడం నేర్పుతారు. కుర్రవాళ్ళంతా రండి. ఆడపిల్లలు కూడా రండి, పానా పట్టుకోవడానికి మగవాడే కానక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్న బీమా కాగితాలు వెంట తెచ్చుకోండి. అవి చదివి పెట్టడానికి మేము అక్కడే కూర్చుని ఉంటాం.